సింఫనీ వినుట

రేవులో నోడకూతలు, ఉక్కుకర్మాగారపు సైరనులు విని పెరిగిన విశాఖవాసికి సింఫనీ తొలిసారి రణగొణధ్వనిగా దోచినచో నందు వింతలేదు; ఒక్క గళము వెంట రాగమును బట్టి పోవు మన చెవికి డెబ్బది వాద్యము లొక్కమారు వేర్వేరు స్వరములు పలుకుట క్రొత్త. 1808లో వియన్నాలో తొలిసారి వినిపించిన బీథోవెన్ అయిదవ సింఫనీ మూడు హ్రస్వములతో, నొక దీర్ఘముతో మొదలగును. మన ఛందస్సున నది ‘నగ’మను నింద్రగణమే! దానిని పల్లవివలె మనస్సున నిలిపి, యెచ్చట మరల దలయెత్తునో కనిపెట్టుడు: మూడవ భాగమున కొమ్ముబూర లదే నడకను ఒకే స్వరముపై బిగ్గరగా నూదును. అందలి వయొలిన్లా, మనకు పరాయివి కావు; 1919లో విజయనగర సంగీతకళాశాలలో జేరిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు వానితో మనకు జుట్టరికము గలిపిరి గదా. మొదటి భాగము ఏడెనిమిది నిమిషములే. ఈ రాత్రి దీపమార్పి రెండుమారు లాలకింపుడు.