పండుగే పలక

దేవనహళ్ళిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలున్నాయి. 2008లో విమానాశ్రయం తెరిచాక ఉద్యోగాలకై వచ్చినవీ ఉన్నాయి. వీరి పిల్లలు ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. తెలుగు మాట నోట ఉంది కాని, అక్షరం చేతికి అందలేదు. అందకపోతే అమ్మమ్మ రాసుకున్న పాటల పుస్తకం మనవరాలికి వట్టి గీతలే.

ఈ లోటు తీర్చడానికి పండుగను మించిన బడి లేదు. ఉగాది పచ్చడి పిల్లల చేతనే చేయించండి. వేపపువ్వు దూయనివ్వండి, చింతపండు పిసకనివ్వండి. తీపి, పులుపు, చేదు, కారం, ఉప్పు, వగరు అని చీటీలు రాయించి, బెల్లం పక్కన 'తీపి', వేపపువ్వు పక్కన 'చేదు' వాళ్ళనే పెట్టమనండి. పొరుగున కన్నడిగుల ఇంట అదేనాడు పంచే బేవు బెల్లం కూడా రుచి చూపించండి. అక్కడ వేప, బెల్లం. మన గిన్నెలో ఆరు రుచులు. ఎందుకని వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు చెప్పిన మాట మరవరు.

సంక్రాంతికి ముగ్గు పక్కన తమ పేరు రెండు లిపుల్లోనూ రాయమనండి. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి. చాలా అక్షరాల్లో తేడా తలకట్టు దగ్గరే. కన్నడం వచ్చిన బిడ్డకు తెలుగు సగం వచ్చినట్టే. మిగిలిన సగం మన ఓపికలో ఉంది.