తెల్లవారితే సోమవారం

అధ్యక్షుడు క్లుప్తంగా మాట్లాడాలన్నది సభామర్యాద. మాట్లాడేది కాలం గురించి కనుక ఆ మర్యాద ఇవాళ మరీ అవసరం.

రేపు, ఎల్లుండి, పై ఆదివారం, సంక్రాంతి వెళ్ళాక. ఇలా మనం మామూలుగా అనే మాటల్లోంచి కంప్యూటరు తేదీని ఎలా రాబట్టాలన్నది మన సదస్సు విషయం. దానికి మనం కలుసుకున్న ఈ దువ్వాడ తగిన ఊరే. విశాఖ స్టేషన్‌లోకి వెళితే ఇంజను ఇటు నుంచి అటు మార్చుకోవాలి. ఆ పని లేకుండా హౌరా-చెన్నై మార్గంలో కొన్ని బళ్ళు దువ్వాడ మీదుగానే సాగిపోతాయి. అర్ధరాత్రి దాటాక ఇక్కడ ఆగే బండి ఎక్కబోయేవాడు ఇంట్లో "ఆదివారం రాత్రి బండి" అంటాడు. టికెట్టు మీద సోమవారం తేదీ ఉంటుంది. బండి ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూడబోతే, అది మొదట బయలుదేరిన రోజేదని అడుగుతుంది. దూరపు బండైతే అది శనివారం కూడా కావచ్చు. ప్రయాణం ఒకటే, తేదీలు మూడు, ఏదీ తప్పు కాదు.

ఇంతకన్నా చక్కని ఉదాహరణ మన శుభలేఖ. "12వ తేదీ ఆదివారం రాత్రి గం. 1-20 ని.లకు (తెల్లవారితే సోమవారం)" అని అచ్చువేస్తాం. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ఆ ముహూర్తం ఇంకా ఆదివారానిదే. గడియారం లెక్కలో అప్పటికే 13, సోమవారం. లోకంలో రెండు లెక్కలు నడుస్తున్నాయని శుభలేఖ రాసిన పెద్దాయనకు తెలుసు. అందుకే చుట్టాలెవరూ తికమక పడకుండా ఆ చివరి మాట చేర్చాడు. ప్రోగ్రాముకు ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే 12 చూస్తుంది, 1-20 చూస్తుంది, శనివారం రాత్రే మనల్ని మండపానికి తోలేస్తుంది. మండపంలో అప్పటికి వేరే వాళ్ళ పెళ్ళి జరుగుతూ ఉంటుంది.

ఇంగ్లీషులో ఈ పని చాలా దూరం నడిచింది. హైడెల్‌బర్గ్ నుంచి 2010లో హైడెల్‌టైమ్, స్టాన్‌ఫర్డ్ నుంచి 2012లో సుటైమ్ అనే ప్రోగ్రాములు వచ్చాయి. ఫేస్‌బుక్ వారి డక్లింగ్ సరేసరి. మాట ఏ రోజు అన్నారో ఆ రోజును ఆధారంగా పెట్టుకుని, నియమాల ప్రకారం ఇవి ముందుకో వెనక్కో లెక్క కడతాయి. హైడెల్‌టైమ్ రచయితలు 2015లో రెండు వందలకు పైగా భాషలకు నియమాలను యంత్రంతోనే తయారు చేయించారు. పునాదిగా అది మంచిదే. కాని నెలల పేర్లూ వారాల పేర్లూ అందినంత మాత్రాన "రోహిణి కార్తెలో", "మూఢం వెళ్ళాక" అన్నవి చేతికి రావు. వీటిలో కార్తె సులువు. సూర్యుడి లెక్క కాబట్టి రోహిణి ఏటా మే 25 ప్రాంతంలోనే వస్తుంది. మూఢం తేలాలంటే గురు శుక్రులు సూర్యుడికి ఎంత దగ్గరలో ఉన్నారో చూడాలి. తిథులతో ఇంకో చిక్కు. సింహాద్రి అప్పన్న చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియనాడు: 2024లో మే 10న వచ్చింది, 2025లో ఏప్రిల్ 30న. గిరిప్రదక్షిణ ముగిసే ఆషాఢ పౌర్ణమి 2025లో జూలై 10 అయితే, 2026లో అధిక జ్యేష్ఠం పుణ్యమా అని జూలై 29కి జరిగింది. "చందనోత్సవం అయ్యాక డబ్బు సర్దుతా" అన్న మనిషి మాట అర్థం కావాలంటే ప్రోగ్రాము వెనక పంచాంగం ఉండి తీరాలి.

ఇక అంకెలు. డాక్టరుగారు సోమవారం చూసి "పదిహేను రోజులకు రండి" అంటే మనం మళ్ళీ సోమవారమే వెళతాం. ఇవాళ్టి రోజును కూడా కలుపుకుని లెక్కపెట్టడం మన అలవాటు. యంత్రం పదిహేను కలిపి మంగళవారం అంటుంది. "వారం పది రోజుల్లో" అన్నదాన్ని ఏడనీ పదనీ రెండు తేదీలుగా చీలుస్తుంది, అన్నవాడి ఉద్దేశం "తొందరపెట్టకు" అని. నెల మరీ జారుడు సరుకు. జనవరి 31కి ఒక నెల కలపమంటే పీహెచ్‌పీ భాష మార్చి 3 చూపిస్తుంది, లీపు సంవత్సరమైతే మార్చి 2. ఫిబ్రవరి మాయం.

నా అభ్యంతరం ఎక్కడంటే, ఇన్ని సందేహాల మధ్య యంత్రం తేదీని నిక్కచ్చిగా తేల్చేసి, మనం అన్న మాటను పారేస్తుంది. తర్వాత సరిచూద్దామన్నా ఏమీ మిగలదు. ఈ విషయంలో మన శాసన పరిశోధకులు మనకన్నా ఎంతో ముందున్నారు.

సింహాచలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం ఉంది, శక 1438 నాటిది, అంటే క్రీ.శ. 1516. డెబ్భై ఎనిమిది కలిపితే సరిపోయిందనిపిస్తుంది. కాని జనవరి నుంచి ఉగాది దాకా పడే రోజులకు డెబ్భై తొమ్మిది కలపాలి. పైగా చెప్పింది గడిచిన శకమా, నడుస్తున్న శకమా అన్న ప్రశ్న ప్రతి శాసనానికీ ఉంటుంది. సంవత్సరం పేరొక్కటే ఉంటే అరవై ఏళ్ళ తేడా రావచ్చు: 1965 ఉగాదికీ విశ్వావసువే, 2025 ఉగాదికీ విశ్వావసువే. అయితే శాసనాలు చెక్కించినవారు చాలా చోట్ల శకం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ ఇచ్చారు. తిథీ వారమూ పొసిగిన ఏడాదినే పండితులు ఖాయం చేస్తారు. ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై 1922లో అచ్చువేసిన ఇండియన్ ఎఫిమెరిస్ ఈ సరిచూపు కోసమే పుట్టింది. ఆ గణకుడే తర్వాత మద్రాసు శాసనమండలికి అధ్యక్షుడయ్యాడు. నాలాంటి ఒకపూట అధ్యక్షులకు అదో ధైర్యం. శాసన పాఠం ప్రకటించినప్పుడు మూలంలోని మాటలు అలాగే ఉంచి, లెక్కకట్టిన తేదీని పక్కన ఇస్తారు. పొసగకపోతే పొసగలేదనే రాస్తారు.

సాఫ్ట్‌వేర్ కూడా ఆ పద్ధతికే రావాలంటాను. అందుకు కావలసిన గుర్తులు ఇప్పటికే ఉన్నాయి. 2019 నాటి ఐఎస్‌ఓ 8601 రెండో భాగంలో సందేహమున్న తేదీకి, ఉజ్జాయింపు తేదీకి వేర్వేరు చిహ్నాలు పెట్టారు. మనకు లేనిది తెలుగు ఉదాహరణల సంపుటి. ఈ రెండు రోజుల్లో దానికి ఒక ప్రణాళిక తేలాలని నా కోరిక. శుభలేఖలు, సెలవు చీటీలు, రైతుల కార్తె మాటలు, పత్రికా ప్రకటనలు విద్యార్థులు సేకరించాలి. వ్యక్తుల పేర్లు తీసేసి, ప్రతి మాటకూ ఎప్పుడన్నారో ఎక్కడన్నారో రాయాలి. ఇద్దరు విడివిడిగా తేదీ గానీ తేదీల మధ్య వ్యవధి గానీ గుర్తించాలి, వారిలో ఒకరికైనా పంచాంగం చూడడం వచ్చి ఉండాలి. ఇద్దరికీ కుదరని చోట మూడోవారిని పిలిచి తీర్పు చెప్పించకండి. రెండు జవాబులూ ఉంచండి, ఎవరు ఏ లెక్కతో చెప్పారో పక్కన రాయండి.