రంగస్థలనటుల చరిత్రకారుడు
(నారపల్లి వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



శిల్పి గతించినను శిల్పము నిలుచును. కవి గతించినను కావ్యము నిలుచును. రంగస్థలనటునకు అట్టి భాగ్యము లేదు. తెర దిగినతోడనే యాతని కళయు నంతరించును. చూచిన కన్నులు మూతపడిన పిదప అట్టి నటుడుండెనని చెప్పువారే యుండరు. ఈ లోపమును తీర్ప బూనిన యొక కళాకారునిగూర్చి మేము నేడు మనవి చేయదలచితిమి.

శ్రీ మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు గుంటూరు జిల్లా లింగాయపాలెమున జన్మించిరి. కపిలవాయి రామనాథశాస్త్రిగారికడ శిష్యరికము చేసి రంగస్థల మెక్కిరి, ప్రజానాట్యమండలిలో పనిచేసిరి. పిదప చలనచిత్రములలో ప్రవేశించి, 1957లో వెలువడిన 'మాయాబజార్'లో కర్ణపాత్రను ధరించిరి. చిత్రసీమలో కీర్తి లభించినవారు పాతరంగమును మఱచుట లోకసహజము. వీరు మఱువలేదు. 'ఆంధ్రప్రభ'లో 'నటరత్నాలు' అను శీర్షికతో రంగస్థలనటుల జీవితములను వరుసగా వ్రాసిరి. స్థానం నరసింహారావుగారు తమ యనుభవములను 'నటస్థానము'న తామే వ్రాసికొనిరి. కలము పట్టని నటులెందఱికో మిక్కిలినేనివారి కలమే దిక్కయ్యెను.

అంతటితో వారు తృప్తి చెందలేదు. వారి 'తెలుగువారి జానపద కళారూపాలు' అను బృహద్గ్రంథమును 1992లో తెలుగు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఒగ్గుకథ, చిందు యక్షగానము, బుర్రకథ, తోలుబొమ్మలాట మున్నగు కళలన్నియు అందు స్థానము పొందినవి. ఏ కులమువారి కళయని వారు వెలివేయలేదు. 2011 ఫిబ్రవరి 22న విజయవాడలో వారు దివంగతులైరి; వారు వ్రాసిన జీవితములు మాత్రము నిలిచియున్నవి.

సోదరులారా! ఇట్టి సభలలో వృద్ధనటునకు శాలువ కప్పి, పూలమాల వేసి, చప్పట్లు చఱచి పంపుచున్నాము. మఱునాడు ఆ మాల వాడును. ఆతని గురువెవరు, మొదటి వేషమేది, ఏ యే యూళ్ల నాడెను, తుదిదినములు ఎట్లు గడచుచున్నవని అడుగువా రెవరు? ఈ తప్పు మాయందును గలదని యొప్పుకొనుచున్నాము.

ఉప్పల్, నాచారము, నారపల్లి ప్రాంతముల పల్లెలు నగరమున కలిసిపోయినవి. నాటి యక్షగానము లెఱిగిన వృద్ధులు నేడు ఏ యింటి యరుగుపైన కూర్చుండియున్నారో వెదకుడు. వారితో మాటలాడి, చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. మనవారనియు, పరులనియు భేదము పాటింపకుడు. రంగమున ప్రక్కనిలిచి పాడినవాడును, హార్మోనియము వాయించినవాడును లేనిదే నటుని కథ పూర్తికాదు. పోషకమహాశయులు మాలల వ్యయములో కొంత ముద్రణకు మరల్చినచో, వచ్చు సంచికలో కొన్ని జీవితములనైనను నిలుపుకొనగలము.