విరిగిన బొక్కకు వాయిదా వద్దు

(మంథనిలో రైతులు, కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సమావేశాల్లో గిట్టుబాటు ధర గురించి, కొనుగోలు కేంద్రాల్లో తీసే తరుగు గురించి, బ్యారేజీల వెనుక నీళ్లలో మునిగే పొలాల గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాం. ఈ పూట మన ఒంట్లోని బొక్కలు, కీళ్ల గురించి మాట్లాడాలనుకున్నాం. ఇది డాక్టర్ల పని, రైతు సంఘానికి ఏం సంబంధం అని కొందరు అడగవచ్చు. సంబంధం ఉంది. రెండెకరాల రైతుకు భూమి ఎంత ఆస్తో, కాళ్లూ చేతులూ అంత ఆస్తి. కౌలురైతుకు, కూలికి అయితే అవే మొత్తం ఆస్తి. ఒక పంట పోతే మరో పంట వేస్తాం. మోచేయి పట్టేసి ముడుచుకోకపోతే మాత్రం ఆ చేయి మళ్లీ నాగలి పట్టదు, నాటు వేయదు.

మన పనిలో దెబ్బలకు కొదవ లేదు. దమ్ము చేసేటప్పుడు ఒడ్డు ఎక్కిన ట్రాక్టర్ తిరగబడుతుంది. వరికోత యంత్రం బెల్టులో, నూర్పిడి యంత్రం నోట్లో చేతులు పడతాయి. వానకాలంలో ఒరాల మీద కాలు జారుతుంది. కొనుగోలు కేంద్రంలో బస్తాలు మోసే హమాలీకి నడుము పట్టేస్తుంది. తాటిచెట్టు మీది నుంచి గీత కార్మికుడు పడతాడు. ఇసుక లారీలు తిరిగే రోడ్డు మీద రాత్రిపూట బండి మీద వచ్చే పిల్లలు పడతారు. దెబ్బ తగలకుండా చూసుకోవడం మొదటి మాట. తగిలిన తర్వాత ఎంత తొందరగా వైద్యం అందిందన్నది రెండో మాట. ఈ రోజు మేము చెప్పేది ఈ రెండో మాట గురించే.

మనవాళ్లు ఆలస్యం చేసేది తెలివి తక్కువై కాదు. నాట్లు నడుస్తుంటాయి, కూలీలకు ముందే మాటిచ్చి ఉంటాం. చేతిలో పైసలుండవు. పంట అమ్మిన పైసలు ఇంకా ఖాతాలో పడి ఉండవు. కరీంనగర్ పోతే ఒక రోజు, ఇద్దరి కూలి పోతాయి. అందుకే 'బెణికింది, అదే పోతుంది' అనుకొని జండూబామ్ రాసుకుంటాం, నూనె పోసి తోమించుకుంటాం. వారానికి వాపు తగ్గకపోతే అప్పుడు బయలుదేరుతాం. మొదటి రోజు ఒక కట్టుతో పోయేది అప్పటికి ఆపరేషన్ దాకా వస్తుంది. మిగులుతుందనుకున్న కూలికి పదింతలు అప్పు మీద పడుతుంది.

కొన్ని దెబ్బలకు రోజులు కాదు, గంటలే లెక్క. ఇవి ప్రతి ఇంట్లో గుర్తుండాలి.

చర్మం చిట్లి బొక్క బయటికి కనిపించినా, విరిగిన చోట లోతైన గాయం ఉన్నా మట్టి, పేడ, పొలం నీళ్లు లోపలికి పోయి చీము పడుతుంది. మొదటి మూడు గంటల్లోపే యాంటీబయాటిక్ పడాలని, వీలైనంత త్వరగా గాయాన్ని కడిగి శుభ్రం చేయాలని వైద్యులు చెప్తారు. ధనుర్వాతం సూది కూడా తప్పదు. బొక్కకు చీము పడితే ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది.

తుంటి కీలు తప్పితే ఆరు గంటల్లోపు సరిచేయాలి. ఆలస్యమైతే తొడ బొక్క తలకు రక్తం అందక అది కుళ్లుతుంది. భుజం కీలు తప్పినా అదే రోజు ఎక్కించాలి. మూడు వారాలు దాటిన కీలు చాలాసార్లు కోత లేకుండా ఎక్కదు.

కట్టు బిగుతై గానీ లోపల వాపు పెరిగి గానీ రక్తం ఆడకపోతే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో కండ, నరం చచ్చిపోవడం మొదలవుతుంది. కట్టు కట్టినంక నొప్పి తగ్గాలి. పెరుగుతున్నదంటే, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, తెల్లగా నీలంగా మారినా, వేలు కొద్దిగా లాగితే ప్రాణం పోయినట్టు అనిపించినా ఆ కట్టును వెంటనే వదులు చేసి దవాఖానకు పరుగెత్తాలి. చెట్టు మీది నుంచో అరుగు మీది నుంచో పడి మోచేయి పైన విరిగిన పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. పట్టించుకోకపోతే వేళ్లు గద్దగోళ్ల లాగా ముడుచుకుపోయి బతుకంతా అట్లే ఉంటాయి.

ముసలివాళ్లు జారిపడి తుంటి విరిగితే 'ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, మంచంలోనే ఉండనీ' అంటాం. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టడమే ముసలివాళ్ల ప్రాణానికి రక్ష. మంచంలోనే ఉంటే వీపు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లల్లో రక్తం గడ్డకడుతుంది.

ఇక బెణుకు అనుకునేవి. చీలమండ మెలికపడినప్పుడు ఆ కాలు మోపి నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. అరచేయి ఆనించి పడ్డప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి పుడితే మణికట్టులోని చిన్న బొక్క విరిగి ఉండవచ్చు. అది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి.

దెబ్బ తగిలిన చోట మనం చేయాల్సింది కొంచెమే. లాగవద్దు, తోమవద్దు, బయటికి వచ్చిన బొక్కను లోపలికి నెట్టవద్దు. శుభ్రమైన బట్ట కప్పాలి, రక్తం కారుతుంటే దాని మీద అదిమి పట్టాలి. విరిగిన చోటుకు పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా కట్టె గానీ అట్టముక్క గానీ పెట్టి వదులుగా కట్టాలి. వాపు ఎక్కకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాలి. ఎత్తు మీది నుంచి పడ్డ మనిషిని కూర్చోబెట్టవద్దు, ఇద్దరు చంకలు పట్టి లేపవద్దు. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేటట్టు నలుగురు కలిసి బల్ల మీదికో తలుపు మీదికో చేర్చాలి. వేలు తెగిపోతే దాన్ని శుభ్రమైన తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఆ సంచిని మంచు మీద పెట్టి తీసుకుపోవాలి. మంచు నేరుగా తగలొద్దు. ఆపరేషన్ కావాల్సి రావచ్చు కనుక తిండి పెట్టవద్దు. నొప్పి తెలియకుండా కల్లు, సారా అసలే తాగించవద్దు. ముందుగా 108కి ఫోన్ చేయాలి.

ఊళ్లో బొక్కలు కట్టేవాళ్ల గురించి కూడా చెప్పుకోవాలి. డాక్టర్లు లేని కాలంలో మన కాళ్లూ చేతులూ నిలబెట్టింది వాళ్లే. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. వాళ్లను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. జరగకుండా చిన్నగా పగిలిన బొక్క కదలకుండా ఉంటే తనంతట తానే అతుక్కుంటుంది. కానీ లోపల ఏమైందో చేత్తో తడిమితే తెలియదు. ముందు ఎక్స్‌రే, తర్వాతే ఏ కట్టైనా. గాయం ఉన్నచోట, కీలు దగ్గర, పిల్లల మోచేయికి, ముసలివాళ్ల తుంటికి పసరు కట్టు, వెదురు దబ్బల కట్టు వద్దే వద్దు. మోచేయి తోమితే కండలో కొత్త బొక్క పెరిగి కీలు పట్టేస్తుంది.

పైసల సంగతికి వస్తే, మనకు రావాల్సినవి మనకే తెలియవు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. విరిగిన బొక్కల ఆపరేషన్లు అనేకం అందులో ఉన్నాయి. దవాఖానలో అడుగు పెట్టగానే ఆరోగ్యమిత్రను అడగాలి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారికి గుర్తించిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షా 50 వేల రూపాయల వరకు నగదు లేని వైద్యం ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ట్రాక్టర్‌తో, ఇతర యంత్రాలతో వ్యవసాయ పని చేసే కూలి దెబ్బతింటే 1923 నాటి పరిహార చట్టం 2025 దాకా వర్తించేది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని దగ్గర గాయపడ్డవారికి ఉచిత వైద్యం, దవాఖానలో చేరితే రోజుకు కనీసం సగం కూలి ఇవ్వాలని రాశారు. బ్యాంకు ఖాతా ద్వారా ఏటా 20 రూపాయలు కట్టే సురక్షా బీమాలో ప్రమాదంలో ఒక చేయి గానీ కాలు గానీ పూర్తిగా పనికిరాకుండా పోతే లక్ష రూపాయలు, రెండూ పోతే 2 లక్షలు వస్తాయి. మీ ఖాతాలో ఆ 20 రూపాయలు కోత పడుతున్నాయో లేదో రేపే చూసుకోండి.

ఒక లోటు మాత్రం మనం పోరాడి పూడ్చుకోవాల్సిందే. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. చేయి పోయి బతికిన రైతుకు ఏమీ ఇవ్వదు. పట్టా పుస్తకం లేని కౌలురైతుకు అసలే లేదు. చచ్చినప్పుడు చూసే ప్రభుత్వం, కుంటుతూ బతుకుతున్నప్పుడూ చూడాలి. రైతుబీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి, కౌలురైతులను, కూలీలను కలపాలి. మంథని ప్రభుత్వ దవాఖానలో ఎముకల డాక్టర్, ఎక్స్‌రే తీసే మనిషి వారమంతా అందుబాటులో ఉండాలి. 2022లో రామగుండంలో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి వైద్యం మన పల్లెలకు గంటల్లో అందాలి. హార్వెస్టర్, నూర్పిడి యంత్రాలకు రక్షణ కవచాలు లేకుండా పొలంలో దింపనివ్వకూడదు.

ప్రభుత్వం చేసేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఊరి కమిటీ దగ్గర నాలుగు కట్టె పట్టీలు, శుభ్రమైన బట్ట, ఒక గట్టి బల్ల పెట్టుకుందాం. ఇద్దరు యువకులకు ప్రథమ చికిత్స నేర్పిద్దాం. నాట్ల రోజుల్లో ఎవరికి దెబ్బ తగిలినా వాళ్ల పొలంలో ఆ రోజు పని మిగతావాళ్లం బదులు చేస్తామని ఇక్కడే మాటిచ్చుకుందాం. 'నాట్లు అయిపోయినంక పోతా' అనే మాట ఏ రైతు నోట రాకుండా చేయగలిగితే, సగం చేతులు, సగం కాళ్లు నిలబెట్టుకున్నట్టే.