ఆటలో వారికీ చోటివ్వాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని, కొల్లేటి లంక గ్రామాల్లో గాని ఆటల పీరియడ్‌లో బడికి వెళితే తరచు ఒక దృశ్యం కనబడుతుంది. కాలు సరిగా లేని పిల్లవాడు ఓ పక్కన కూర్చుని మిగతావాళ్ల సంచులకు కాపలా కాస్తుంటాడు. మనం "పాపం" అంటాం. దాంతో మన బాధ్యత తీరిందనుకుంటాం.

ఉమ్మడి గుంటూరు జిల్లావాడైన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి గారి సంగతి చూడండి. ఆయనకు చూపు బాగా తక్కువ. అయినా ఆయన నాయకత్వాన భారత అంధుల క్రికెట్ జట్టు 2017లో బెంగుళూరులో ట్వంటీ ట్వంటీ ప్రపంచ కప్పు, 2018లో షార్జాలో వన్డే ప్రపంచ కప్పు గెలిచింది. ఆయనకు 2023 సంవత్సరపు అర్జున అవార్డు వచ్చింది.

ఇదెలా సాధ్యమైంది? బంతి లోపల ఇనుప గుండ్లు వేశారు. బంతి గలగలమంటే చెవితో పట్టుకుంటారు. పదకొండు మందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివారుండాలి. వారు కొట్టిన పరుగు రెండుగా లెక్క. మనిషిని పక్కన పెట్టలేదు, బంతిని మార్చారు.

చక్రాల కుర్చీ టెన్నిస్ కూడా అంతే. అమెరికాలో 1976లో బ్రాడ్ పార్క్స్ అనే యువకుడు దీనికి నాంది పలికాడు. కోర్టు అదే, వల ఎత్తు అదే. బంతి రెండుసార్లు నేల తాకేవరకు కొట్టవచ్చును, అంతే తేడా. 1992 బార్సిలోనా పారాలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలిచ్చారు.

"వాడికి ఆటలెందుకు సార్, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు?" అని తల్లులు అడుగుతారు. వారి భయం న్యాయమైనదే. కాని అమ్మా, ఏ పిల్లవాడికి దెబ్బ తగలదు? కుర్చీ తోసి ఆడితే చేతులకు బలం వస్తుంది, నలుగురు స్నేహితులు దొరుకుతారు. మూల కూర్చుంటే ఏమొస్తుంది?

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను ప్రకారం వీరికి ఆటల్లో అవకాశం కల్పించడం ప్రభుత్వ విధి. మనం అర్జీ పెట్టి అడగాలి.

మన సంఘం మూడు చక్రాల బండ్లు, కుట్టు మిషన్లు ఇస్తున్నది, సంతోషం. వచ్చే వార్షికోత్సవం ఆటల పోటీల్లో ఈ పిల్లలకూ పేర్లు రాయండి. మైదానం గేటు దగ్గర మెట్టు ఉంటే వాలుబాట వేయించండి. గలగలలాడే బంతులు నాలుగు కొనండి. ఖర్చు కొద్దిపాటిదే. ఆ పిల్లవాణ్ణి సంచుల దగ్గర నుంచి లేపి ఆటలోకి పిలవడమే అసలు పని.