కార్డు చేతిలో ఉంది, ఆసుపత్రి ఎక్కడుంది?

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి మీరు ఏడాది పొడవునా వింటూనే ఉంటారు. హాస్టల్ వార్డెన్లమైన మాకు పిల్లల మార్కుల కంటే పిల్లల జ్వరాలే ఎక్కువ రాత్రులు నిద్ర లేకుండా చేస్తాయి. అందుకని ఈరోజు ఆరోగ్య బీమా గురించి మాట్లాడతాం. ముందు వరసలో కూర్చున్న డిగ్రీ పిల్లలు కాస్త ఫోన్లు పక్కన పెట్టండి.

1946లో భోర్ కమిటీ అని ఒకటి నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేనందువల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని అందులో రాశారు. ఆ లెక్కన ప్రభుత్వమే ఆసుపత్రులు కట్టాలి, డాక్టర్లను పెట్టాలి, మందులు ఇవ్వాలి. దేశం ఆ దారిలో కొంత దూరం నడిచింది. సబ్ సెంటర్లు, పీహెచ్‌సీలు వచ్చాయి. వాటికి ఇవ్వాల్సినంత డబ్బు మాత్రం ఏనాడూ ఇవ్వలేదు. ఈలోగా పట్టణాల్లో ప్రైవేటు ఆసుపత్రులు లేచాయి. అప్పుడు కొత్త ఆలోచన బయల్దేరింది. ప్రభుత్వం తానే వైద్యం చేయనక్కర్లేదు, పేదవాడి తరఫున వైద్యం కొనిపెడితే చాలునని.

దీనికి మన తెలుగు నేలే పెద్ద ప్రయోగశాల అయింది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మొదట ప్రభుత్వం ఒక బీమా కంపెనీకి ప్రీమియం కట్టేది. తర్వాత ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చింది. 2008లో కేంద్రం 30,000 రూపాయల బీమాతో ఆర్‌ఎస్‌బీవై తెచ్చింది. 2018 సెప్టెంబర్‌లో రాంచీలో ఆయుష్మాన్ భారత్ ప్రారంభమైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఆ తర్వాత మన రెండు రాష్ట్రాలూ తమ పథకాల పరిమితి ఇంకా పెంచాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, కార్డు మీద ఫోటో మారుతుంది. లోపలి పద్ధతి అదే.

ఇందులో మంచి లేదని మేము అనం. గుండెకు రంధ్రంతో పుట్టిన బిడ్డను పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి తెచ్చుకున్న తల్లులు మన గూడేల్లోనూ ఉన్నారు. అంతకుముందు అలాంటి తల్లి ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని, సిఫార్సు లేఖ కోసం నాయకుల గుమ్మాల ముందు నిలబడాలి. ఆ అవమానాన్ని కార్డు తప్పించింది.

మరి మన రోగాలు ఏమిటి? మలేరియా, రక్తహీనత, క్షయ, పాము కాటు, కొందరికి సికిల్ సెల్, కాన్పు కష్టమవడం. వీటిలో చాలావాటికి కావాల్సింది దగ్గర్లో ఒక నర్సు, ఒక రక్త పరీక్ష, వేళకు మందు. బీమా డబ్బు ఎక్కువగా మంచం ఎక్కినవాడికే కదులుతుంది. మంచం ఎక్కకుండా ఆపిన నర్సుకు ప్యాకేజీ రేటు లేదు. పైగా నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎక్కువగా విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్లే ఉన్నాయి. డోలీ కట్టి నలుగురు మోసుకుని రోడ్డు దాకా తేవాల్సిన గర్భిణికి 5 లక్షలన్నా 25 లక్షలన్నా ఒకటే.

మా హాస్టల్ అమ్మాయి ఒకతికి ఒళ్లు నొప్పులు, కీళ్ల వాపుతో సికిల్ సెల్ నొప్పి వచ్చింది. పట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. మంచం, సెలైన్ కార్డు మీద అయ్యాయి. పరీక్షలు బయట చేయించుకురమ్మని చీటీ రాసిచ్చారు. తండ్రి వారం కూలి పోయింది. బస్సులు, ఆటో, ఆసుపత్రి బయట హోటల్ భోజనం, అన్నిటికీ అప్పు చేశాడు. మందుల ఖర్చు లేని రోగానికి మేక అమ్ముకున్నాడు. ఈ లెక్క ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

సంత గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చింతపండు పిక్క తీసిందో లేదో చేత్తో చూసి తెలుసుకుంటాం. ఆపరేషన్ అవసరమో కాదో ఎలా చూస్తాం? అమ్మేవాడే నీకిది కావాలని చెబుతాడు, డబ్బు ఇంకెవరో కడతారు. అలాంటి సంతలో సరుకు ఎక్కువగా అమ్ముడవుతుంది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు పెరిగి పెద్ద గొడవ అయింది. ఆ తర్వాత ప్రభుత్వం అలాంటి కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఇంకోవైపు బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1956లో జీసీసీ ఎందుకు పెట్టారు? షావుకారు చెప్పిందే ధర, అతను చూపిందే తూకంగా ఉన్న సంతలోకి ప్రభుత్వం తానే ఒక కొనుగోలుదారుగా దిగింది. డిపోలో ధర ఇంత అని తెలిశాక షావుకారు కూడా కొంత సర్దుకోవాల్సి వచ్చింది. జీసీసీలో లోపాలు లేవా అంటే బోలెడు ఉన్నాయి, అది వేరే సభలో మాట్లాడుకుందాం. వైద్యంలోనూ బలమైన సర్కారు ఆసుపత్రి పక్కన ఉంటేనే ప్రైవేటువాడు అదుపులో ఉంటాడు. అది కుంగిపోతే కార్డు ఉన్నవాడు కూడా ప్రైవేటు చెప్పినట్టు వినాల్సిందే.

థాయిలాండ్ 2002లో అందరికీ వైద్యం చట్టం చేసింది. మొదట్లో ఆసుపత్రికి వెళ్తే 30 బాత్‌లు కడితే చాలు. అక్కడా వైద్యం కొనే సంస్థ వేరు, చేసే ఆసుపత్రి వేరు. అయితే అంతకు ముందే వాళ్లు పల్లెటూరి జిల్లా ఆసుపత్రులు కట్టుకున్నారు, కొత్త డాక్టర్లను అక్కడికి పంపారు. కొనుగోలు డబ్బులో ఎక్కువ భాగం ఆ సర్కారు ఆసుపత్రులకే వెళ్లింది. మామూలు జ్వరం, దగ్గు కూడా అందులో కలిసే ఉన్నాయి. మనం కార్డు ముందు ఇచ్చి ఆసుపత్రి సంగతి తర్వాత చూద్దామన్నాం.

నిబంధనల ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్ అయితే మన కొండ ప్రాంతంలో 3,000 మందికే ఒకటి ఉండాలి. పీహెచ్‌సీ 30,000కు బదులు 20,000 మందికి. మీ పంచాయతీ జనాభా ఎంత, మీ సబ్ సెంటర్ తలుపు వారంలో ఎన్ని రోజులు తెరుస్తున్నారు అనే లెక్క రాసి గ్రామసభలో చదవండి. 1996 పెసా చట్టం గ్రామసభకు విలువ ఇచ్చింది, దాన్ని పెన్షన్ల లిస్టుకే వాడుతున్నాం.

ఇంకో పని మీ వల్లే అవుతుంది. పట్నం ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర తెలుగులో అడుగుతాడు. మన అవ్వకు కువి తప్ప రాదు, ఇంకొకరికి ఆదివాసీ ఒడియా తప్ప రాదు. నొప్పి ఎక్కడో చెప్పలేక, ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నారో తెలియక కూర్చుంటారు. పట్నంలో చదువుతున్నవాళ్లు మీ ఫోన్ నంబర్లు సంఘం ఆఫీసులో రాసివ్వండి. ఎవరైనా అక్కడికి వస్తే ఒక పూట వెళ్లి పక్కన నిలబడండి. ఏ ఆపరేషన్, ఎందుకు, కార్డు మీద ఏమేమి వస్తాయి అని మీరే అడిగి, మన భాషలో చెప్పండి. డబ్బు అడిగితే రసీదు అడగండి.

రిజిస్టరు ఆ బల్ల మీద పెట్టించాం. భోజనాలకు లేచే ముందు పేరు, ఊరు, ఏ భాష వచ్చో రాసి వెళ్లండి.