పాలిచ్చిన తల్లి రొమ్ముల సంరక్షణ – గ్రామ పంచాయతీ కర్తవ్యము

(వరంగల్లులో గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మురుగు కాలువలు, మంచినీరు, వీధి దీపములు – వీనిని గూర్చి మనము తరచుగా మాటలాడుకొనుచున్నాము. నేడు మేము మీ ముందుంచదలచిన విషయము సభలలో అరుదుగా వినబడునట్టిది. బిడ్డకు పాలిచ్చిన పిదప తల్లి రొమ్ములు సడలిపోవునా? వాని ఆకృతిని, బిగువును కాపాడుకొనుటకు ఏమి చేయవలెను? ఇదియే ఆ విషయము.

ఇది ఆడవారి సొంత సంగతి, దీనితో పంచాయతీకి పని యేమి అని కొందరు సభ్యులకు తోచవచ్చును. పని కలదు. పాలిచ్చినచో అందము చెడునన్న భయముతో కొందరు తల్లులు బిడ్డను రెండు మూడు నెలలకే రొమ్ము మాన్పించి డబ్బా పాలకు అలవాటు చేయుచున్నారు. కొందరు ఈ భయమును ఎవరికిని చెప్పుకొనలేక, వారపు అంగడిలో అమ్ము లేపనములకు కూలి డబ్బులు పోయుచున్నారు. బిడ్డ ఆరోగ్యము, తల్లి మనశ్శాంతి, బీద కుటుంబపు సొమ్ము – ఈ మూడును గ్రామ క్షేమమునకు సంబంధించినవే. తెలంగాణలో పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి గనుక, ఈ మాటను సభలో ఎత్తుటకు సిగ్గుపడవలసిన అవసరము లేదు.

ముందుగా శరీర నిర్మాణమును తెలిసికొందము. రొమ్ము లోపల పాల గ్రంథులు, క్రొవ్వు ఉండును. కండరము ఉండదు, కండరము దాని వెనుక, ఎదపై ఉన్నది. రొమ్మును నిలిపి ఉంచునవి చర్మమును, లోపల అల్లుకొనిన సన్నని పీచుకట్లును. ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపరు 1840లో ప్రచురించిన గ్రంథములో వీనిని వర్ణించెను. నేటికిని వైద్యులు వీనిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. స్త్రీ గర్భవతియైన నాటినుండియే పాల గ్రంథులు పెరుగును, రొమ్ము బరువెక్కును, చర్మము, పీచుకట్లు సాగును. అనగా మార్పు బిడ్డ పుట్టకమునుపే ఆరంభమగుచున్నది. బిడ్డ పాలు మానిన పిదప గ్రంథులు మరల చిన్నవగును, క్రొవ్వు మెల్లగా వచ్చి చేరును. కావున పాలు మాన్పించిన క్రొత్తలో రొమ్ములు ఖాళీ సంచులవలె కనబడినను, కొన్ని నెలలలో కొంతవరకు నిండుకొనుట కద్దు. పూర్వపు ఆకారమే యథాతథముగా తిరిగి వచ్చునని మేము చెప్పుట లేదు. అట్లు రానందువలన జబ్బేమియు లేదని మాత్రము చెప్పుచున్నాము.

అయినచో సడలుటకు నిజమైన కారణములేవి? అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమునకు చెందిన శస్త్రవైద్యులు, రొమ్ముల ఆకృతి సరిచేయు చికిత్స కోరి వచ్చిన స్త్రీలను పరిశీలించి 2008లో ఫలితములను ప్రకటించిరి. పాలిచ్చుట సడలింపునకు కారణముగా వారికి కనబడలేదు. వయస్సు, గర్భముల సంఖ్య, శరీరపు బరువు, గర్భమునకు పూర్వమే రొమ్ములు పెద్దవిగా ఉండుట, పొగ త్రాగుట – ఇవియే కారణములుగా తేలినవి. దీనినిబట్టి, బిడ్డను రొమ్ము మాన్పించిన తల్లి తన ఆకృతిని కాపాడుకొనునది ఏమియు లేదు; ఆమె బిడ్డ మాత్రము నష్టపోవుచున్నది.

ఆ నష్టము చిన్నది కాదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెననియు, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరైనను ఇవ్వరాదనియు, ఆ పిదప ఇతర ఆహారముతోపాటు రెండు సంవత్సరములు, అంతకు మించియు పాలియ్యవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన రాష్ట్రములో 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. అయినను గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 40 మందికి లోపే. తల్లికిని లాభము కలదు. 30 దేశములలో జరిగిన 47 పరిశీలనలను కలిపి 2002లో ప్రకటించిన లెక్కల ప్రకారము, స్త్రీ పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము కాన్సరు ముప్పు 4.3 శాతము చొప్పున తగ్గుచున్నది.

ఇక సంరక్షణ మాట. ఖర్చు లేనివి, ప్రతి యింట చేయదగినవి కొన్ని చెప్పెదము.

మొదటిది ఆహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోక్యాలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనముగా కావలెను. మన పల్లెలలో పథ్యము పేరిట బాలింతకు పప్పు, కూర, పెరుగు, తుదకు మంచినీరు సైతము తగ్గించుచున్నారు. కండయు, చర్మమును నిలుచుటకు కావలసిన ఆహారమునే తీసివేసి, పిమ్మట బిగువు లేదని విచారించుట వ్యర్థము. బరువు ఒక్కసారిగా పెరుగుటయు, ఒక్కసారిగా తగ్గుటయు చర్మమును సాగదీయును గనుక ఉపవాసములతో చిక్కుట మంచిది కాదు.

రెండవది పాలిచ్చు తీరు. తల్లి వంగి రొమ్మును బిడ్డకు అందించుటకంటె, వీపునకు ఆనిక పెట్టుకొని కూర్చుండి బిడ్డనే రొమ్ము వద్దకు తెచ్చుకొనవలెను. చనుమొన మాత్రమే గాక దాని చుట్టునున్న నల్లని భాగము చాలవరకు బిడ్డ నోటిలో ఉండవలెను. రెండు రొమ్ములను మార్చి మార్చి పట్టవలెను.

మూడవది ఆధారము. పాలతో బరువెక్కిన రొమ్ములకు మెత్తని నూలు గుడ్డతో కుట్టిన, కొలతకు సరిపోవు లోరవికగాని బాడీగాని తోడుగా నుండిన హాయి. అది ఒరుసుకొనునంత బిగుతుగా ఉండరాదు. పాలు ఇంకుటకని ఎదకు గుడ్డ బిగించి కట్టుట హానికరము. పాలు గడ్డకట్టి జ్వరము వచ్చును.

నాలుగవది మాన్పించు పద్ధతి. పాలు ఒక్కనాడే మాన్పించరాదు. కొన్ని వారములపాటు ఒక్కొక్క పూట తగ్గించుకొని రావలెను. అకస్మాత్తుగా మాన్పినచో రొమ్ములు రాయివలె గట్టిపడును, నొప్పి పుట్టును. రొమ్ము ఎఱ్ఱబడి, వేడెక్కి, చలిజ్వరము వచ్చినచో పాలిచ్చుట ఆపక, వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చూపవలెను.

ఐదవది కాన్పుల మధ్య ఎడము. ఒక బిడ్డ పుట్టిన పిదప కనీసము రెండు సంవత్సరములు గడువక మరల గర్భము దాల్చరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గర్భముల సంఖ్యయే సడలింపునకు ఒక కారణమని ముందే చెప్పితిమి. ఈ మాట భర్తలు వినవలసినది. ఇంటిలో బీడీ, చుట్ట మానుటయు వారి చేతిలోనిదే.

వ్యాయామమును గూర్చి అడుగువారు గలరు. గోడకు అరచేతులు ఆనించి, మోచేతులు వంచుచు, చాచుచు చేయు సాధన ఎద కండరమునకు బలమిచ్చును, నడుము నిటారుగా నిలుపును; అందువలన ఆకృతి కొంత మెరుగుగా కనబడును. రొమ్ములో కండరము లేదు గనుక అంతకు మించిన ఫలము ఆశింపరాదు. నూనె మర్దనము చర్మమును మృదువుగా ఉంచును. సాగిన చర్మమును బిగించదు.

ఇక్కడ ఒక చట్టమును మీకు తెలుపవలసియున్నది. ఔషధములు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము 1954లో వచ్చినది. మందుతో బాగుచేయుదుమని ప్రకటించరాని విషయముల పట్టిక ఆ చట్టమున గలదు. అందులో మధుమేహము, కాన్సరులతోపాటు స్త్రీల వక్షోజముల రూపము, నిర్మాణము అనునది స్పష్టముగా చేర్చబడినది. మొదటి నేరమునకు ఆరు నెలల వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున బస్టాండు గోడపై అంటించిన కాగితము, అంగడిలో మైకు పట్టి అమ్ము బిగింపు లేపనము, ఫోనులో వచ్చు ప్రకటన – ఇవన్నియు చట్టవిరుద్ధములే. రాష్ట్ర ఔషధ నియంత్రణ పరిపాలన శాఖ ఈ చట్టము క్రింద కేసులు నమోదు చేయుచున్నది. పంచాయతీ సభ్యుడు ఆ కాగితమును పదిలపరచి ఔషధ తనిఖీ అధికారికి తెలిపిన చాలును. డబ్బా పాల ప్రకటనలను నిషేధించు చట్టము 1992లో వచ్చినది. 2003లో అది మరింత కట్టుదిట్టము చేయబడినది.

మన ప్రాంతపు పనిని గూర్చి ఒక మాట. పత్తి, మిరప ఏరు కాలములో బాలింతలు త్వరగా చేనికి పోవుచున్నారు. పగలంతయు బిడ్డకు దూరముగా నుండుటచే రొమ్ములు పాలతో సలుపుచుండును. అట్టి తల్లి మధ్యాహ్నము చేతితో పాలు పిండుకొన్నచో నొప్పి తగ్గును, పాలు ఎండిపోవు. మూతపెట్టిన శుభ్రమైన గిన్నెలో పిండిన పాలను చల్లని నీడలో నాలుగు గంటలకు మించి ఉంచరాదు; ఎండాకాలములో అంతకంటె త్వరగానే ఉగ్గుగిన్నెతో బిడ్డకు పట్టవలెను. మిరప ఏరిన చేతులను, మందు కొట్టిన చేనిలో పనిచేసిన చేతులను సబ్బుతో కడుగక బిడ్డను గాని రొమ్మును గాని ముట్టరాదు.

ఒక హెచ్చరిక. పాలు మాన్పించిన పిదపను కరుగని గడ్డ, చర్మము లోనికి గుంటపడుట, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, దానినుండి రక్తము వచ్చుట – వీనిలో ఏది కనబడినను సిగ్గుతో దాచరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటినుండి అవసరమైనచో వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి పోవలెను. అందమునకు సంబంధించిన దిగులని తలచి ఊరకున్నందువలన ప్రాణమునకే ముప్పు రావచ్చును.

పంచాయతీ చేయదగినవి ఇవి. నెలనెలా జరుగు గ్రామ ఆరోగ్య, పౌష్టికాహార దినమున ఒక మహిళా సభ్యురాలు తప్పక హాజరై, ఈ విషయమును అత్తలకు, కోడళ్లకు కలిపి చెప్పించవలెను. 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకము ఆరంభమైనప్పుడు బాలింతలకు అంగన్‌వాడీలో భోజనముతోపాటు గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఏర్పరచబడినవి. ఏర్పరచినది ప్రతి తల్లికిని చేరుచున్నదో లేదో సభ్యులే స్వయముగా చూడవలెను. పంచాయతీ కార్యాలయమునందు, ఉపాధి పనులు జరుగు చోటను తల్లులు చాటుగా కూర్చుండి పాలిచ్చుటకు నీడగల స్థలము ఏర్పాటు చేయవలెను. చట్టవిరుద్ధమైన మందుల అమ్మకమును అంగడిలో సాగనీయరాదు.

కాకతీయ శిల్పులు నల్లరాతి మదనికలను చెక్కిన, 1213లో వెలసిన రామప్ప దేవాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. ఆ శిల్పములను చూచి మనము గర్వింతుము. కాని రాతికి వయస్సు లేదు, ఆకలి లేదు, ఒడిలో ఏడ్చు బిడ్డ లేదు. మన కోడళ్లను, కూతుళ్లను ఆ కొలతతో కొలువరాదు. బిడ్డను పెంచిన శరీరమును ఎగతాళి చేయు మాట ఏ రచ్చబండ వద్దను వినబడకుండ చూచుట మీ పెద్దరికమునకు తగిన పని. తల్లి తిన్నగా తిని, తగిన విశ్రాంతి పొంది, భయము లేక పాలిచ్చినచో ఆమెయు, బిడ్డయు ఆరోగ్యముగా నుందురు. అట్టి ఇండ్లు ఎన్ని యున్న గ్రామము అంత బలముగా నుండును. ఈ మాటను మీ మీ గ్రామములకు చేర్చెదరని విశ్వసించుచున్నాము.